వల లాగేటప్పుడు బోటు ఇంజిన్ వేడెక్కితే: కూలింగు ఎక్కడి నుంచి చూసుకుంటూ రావాలి

అడిగింది క్లుప్తంగా ఇది. 45 అడుగుల చెక్క బోటు, ఆరు సిలిండర్ల 110 హెచ్‌పీ డీజిల్ ఇంజిన్. ఇంజిన్ లోపల కూలెంటు తిరుగుతుంది, ఆ కూలెంటును చల్లబరచడానికి సముద్రం నీరు పారే కూలర్ ఉంది. ఖాళీగా వెళ్లేటప్పుడు వేడి చూపే మీటరు 80 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. వల దించి లాగడం మొదలుపెట్టిన అరగంటకు 95 దాటుతుంది. మెకానిక్ థర్మోస్టాట్ తీసి పక్కన పెట్టాడు, అయినా తేడా రాలేదు. ఇప్పుడు వేట నిషేధంలో బోటు హార్బర్లోనే ఉంది. ఈలోపు ఏం చేయించాలి, కొత్త కూలర్ కొనాలా?

కొత్త కూలర్ ఇప్పుడే కొనకండి. ఖాళీగా బాగానే ఉండి లోడు మీద మాత్రమే వేడెక్కే ఇంజిన్లలో తప్పు ఎక్కువగా సముద్రం నీటి వైపే ఉంటుంది. నీరు చాలినంత రాకపోవడం ఒకటి. వచ్చినా గొట్టాలకు గార పట్టి వేడిని అందుకోలేకపోవడం రెండోది. ఈ రెంటిలో ఏదో తేల్చకుండా పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బులు పోతాయి, నిషేధం ఎత్తేశాక మొదటి వేటలో మళ్లీ అదే 95 కనిపిస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఉన్నాయి కాబట్టి తొందర లేదు. కానీ బోటును స్లిప్ (బోటును ఒడ్డుకు ఎక్కించే ఏటవాలు దారి) మీదికి లాగకముందే, నీళ్లలో ఉండగానే చేయాల్సిన కొలతలు కొన్ని ఉన్నాయి. వాటికి ఇరవై లీటర్ల బకెట్టు, ఫోనులో స్టాప్‌వాచ్, ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చాలు.

అంతకంటే ముందు థర్మోస్టాట్ తిరిగి పెట్టించండి. ఇంజిన్ నుంచి పైకి వచ్చే వేడి నీటికి, అంటే కూలెంటుకు, రెండు దారులుంటాయి. ఒకటి కూలర్ గుండా, రెండోది బైపాస్ గుండా నేరుగా ఇంజిన్ నీటి పంపులోకి. చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ కూలర్ దారిని మూసి ఉంచుతుంది. వేడెక్కాక ఆ దారి తెరుస్తూ, అడుగున ఉన్న రేకుతో బైపాస్‌ను మూస్తుంది. చాలా ఇంజిన్లలో అమరిక ఇదే. థర్మోస్టాట్ తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నీరు సులువైన దారే చూసుకుంటుంది, కూలర్‌కు వెళ్లాల్సిన నీటిలో చాలా భాగం చల్లబడకుండానే మళ్లీ ఇంజిన్లోకి పోతుంది. చల్లబడుతుందని తీసిన పార్టే వేడి పెంచుతుంది. బైపాస్ లేని ఇంజిన్లలో దీనికి ఎదురు జరుగుతుంది: ఖాళీగా నడిచినంత సేపూ ఇంజిన్ 55, 60 దాటదు, సిలిండరు గోడల మీద డీజిల్లోని గంధకం ఆమ్లంగా చేరి లైనర్లు (సిలిండరు లోపలి తొడుగులు), రింగులు అరుగుతాయి, ఆయిల్లో మడ్డి కడుతుంది.

తీసిన థర్మోస్టాట్ మంచిదో కాదో వంట పాత్రలో తెలిసిపోతుంది. అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కనే థర్మామీటరు పెట్టి, నీళ్లు మెల్లగా కాచండి. దాని అంచు మీద కొట్టి ఉన్న అంకె, 71 గానీ 76 గానీ 82 గానీ, ఆ వేడి దగ్గర కదలడం మొదలవ్వాలి. మరో 10, 15 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి, లేచే ఎత్తు సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండాలి. సగం లేచి ఆగినా, చల్లారాక పూర్తిగా మూసుకోకపోయినా కొత్తది వేయండి. కూలింగులో అన్నిటికంటే చవకైన పార్టుల్లో ఇదొకటి.

ఇప్పుడు కొలతలు. బోటును జెట్టీకి ముందూ వెనకా మంచి తాళ్లతో కట్టి, గేరు వేసి, ముప్పావు థ్రాటిల్ మీద ఇరవై నిమిషాలు నడపండి. కదలకుండా కట్టిన బోటులో ఇంజిన్ మీద పడే లోడు వల లాగేటప్పటి లోడుకు దగ్గరగానే ఉంటుంది. పోటు మీద చేయండి. నీరు తక్కువగా ఉన్నప్పుడు చేస్తే ప్రొపెల్లర్ అడుగు బురదను లేపుతుంది, ఆ బురదంతా మీ కూలర్లోకే పోతుంది.

మొదటి కొలత నీటి పరిమాణం. బయటికి పడే కూలింగు నీటి కింద బకెట్టు పట్టి అది నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. లెక్క ఇలా వస్తుంది. 110 హెచ్‌పీ ఇంజిన్ నిండు లోడు మీద కూలింగు నీటిలోకి వదిలే వేడి సుమారు 60 కిలోవాట్లు. సముద్రం నీరు 12 డిగ్రీలు వేడెక్కి బయటికి పోవాలంటే నిమిషానికి దాదాపు 75 లీటర్లు కావాలి. అంటే ఇరవై లీటర్ల బకెట్టు 16 సెకన్లలో నిండాలి. 20 సెకన్లు పడితే ఇంకా నెట్టుకురావచ్చు. 30 సెకన్లు పట్టిందంటే సగం నీరే వస్తోంది, ఇంక వేరే కారణం వెతకనక్కర్లేదు. ఎగ్జాస్టులోకి నీరు కలిపే బోట్లలో బకెట్టు పట్టడం కష్టం, వాటికి కింద చెప్పే రెండో కొలతే దారి.

రెండో కొలత నాలుగు చోట్ల వేడి: కూలర్‌లోకి సముద్రం నీరు వచ్చే చోట, పోయే చోట, కూలెంటు వచ్చే చోట, పోయే చోట. మెరిసే ఇత్తడి మీద, రాగి మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తక్కువ చూపిస్తుంది. ఆ నాలుగు చోట్లా ముందుగానే నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీదే కొలవండి. మీటరు ముల్లు పెరగడం ఆగి నిలకడగా ఉన్నప్పుడు తీసిన అంకెలే పనికొస్తాయి.

ఇక ఆ అంకెలను చదవడం. సముద్రం నీరు 29 దగ్గర వచ్చి 50 దగ్గర పోతుంటే తేడా 21, అంటే నీరు తక్కువ. స్ట్రెయినర్ (పంపుకు ముందు చెత్తను ఆపే జల్లెడ డబ్బా), ఇంపెల్లర్ (సముద్రం నీటి పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం), పీల్చే పైపు చూడండి. సముద్రం నీటి తేడా 10, 12 లోపే ఉండి, కూలెంటు వచ్చే చోటికీ పోయే చోటికీ తేడా కూడా 5 నుంచి 8 లోపే ఉండి, అయినా ఇంజిన్ 95 మీద ఉంటే, రెండు వైపులా నీరు బాగానే తిరుగుతోంది, మధ్యలో గార అడ్డం ఉంది. అప్పుడే కూలర్ విప్పాలి. సముద్రం నీటి తేడా మామూలుగా ఉండి కూలెంటు తేడా మాత్రం 15, 20 ఉంటే, కూలెంటు నెమ్మదిగా తిరుగుతోంది: బెల్టు జారడం, ఇంజిన్ నీటి పంపు రెక్కలు తినేయడం, థర్మోస్టాట్ సగమే తెరుచుకోవడం, లేదా మీ బోటులోలాగా బైపాస్ తెరిచి ఉండిపోవడం. నీటి పరిమాణం సరిగానే ఉండి సముద్రం నీటి తేడా, కూలెంటు తేడా రెండూ పెరిగి, ఎగ్జాస్టు నల్లగా వస్తూ, థ్రాటిల్ ఎంత ఇచ్చినా కంపెనీ చెప్పిన గరిష్ఠ (రేటెడ్) ఆర్‌పీఎం అందకపోతే కూలింగును తప్పు పట్టకండి. ఇంజిన్ మోయలేనంత లోడు పడుతోంది. ప్రొపెల్లర్ పిచ్చు (రెక్కల వాలు) ఎక్కువై ఉంటుంది, లేదా బోటు అడుగు గుల్లలతో నిండి ఉంటుంది, లేదా వల పెద్దదై ఉంటుంది.

డాష్‌బోర్డు మీటరును కూడా ఒకసారి అనుమానించండి. థర్మోస్టాట్ హౌసింగ్ మీద టేపు ముక్క వేసి కొలిచిన అంకెకూ మీటరుకూ 5 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. ఇంకో ప్రమాదం ఉంది. కూలెంటు తగ్గిపోయి సెన్సరు నీళ్లలో మునగకపోతే అది ఆవిరి వేడినే చూపిస్తుంది, మీటరు 80 మీదే నిలబడి ఉంటుంది, ఇంజిన్ మాత్రం బిగుసుకుపోతుంది. అందుకే రోజూ స్టార్టు చేసేముందు కూలెంటు మూత తీసి మట్టం చూడమనేది.

నీరు తక్కువని తేలితే ఎక్కడి నుంచి చూడాలి? బోటు అడుగు నుంచి పైకి, నీరు వచ్చే దారి పట్టుకునే. బోటు స్లిప్ మీదికి ఎక్కాక బయటి జల్లెడ విప్పి సీకాక్ (బోటు అడుగున సముద్రం నీరు లోపలికి వచ్చే చోటి వాల్వు) లోపల టార్చి వేసి చూడండి. ఒకటిన్నర అంగుళం దారి చుట్టూ గుల్లలు పెరిగి అర అంగుళమే మిగిలి ఉంటుంది. ఖాళీగా నడిచేటప్పుడు ఆ అర అంగుళం చాలుతుంది, ఆర్‌పీఎం పెంచితే చాలదు. గుల్లలు గీకేటప్పుడు జల్లెడకు, లోపలి దారికి మందంగా పెయింటు పూయకండి. రంధ్రాలు పూడితే చేసిన పని వృథా.

సీకాక్ వాల్వు ఏ లోహమో చూడండి. ఇళ్ల ప్లంబింగులో వాడే ఇత్తడి గేట్ వాల్వు వేసిన బోట్లు చాలా ఉన్నాయి. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి మెత్తని, చిల్లులు పడ్డ రాగి మాత్రమే మిగులుతుంది. కత్తి మొనతో గీసి చూడండి. గీత పసుపుగా మెరిస్తే ఇంకా బాగుంది. గులాబీ రంగులో, ఇటుక పొడిలా రాలితే ఆ వాల్వు మీద బోటు ప్రాణం పెట్టకండి. చేత్తో పట్టి ఊపితే విరిగి చేతిలోకి వచ్చే వాల్వులు అవే. బ్రాంజు బాల్ వాల్వు వేయించండి, వారానికి ఒకసారైనా మూసి తెరవండి. కదపని వాల్వు అవసరమైన రోజు కదలదు.

స్ట్రెయినర్లో హార్బర్ ప్లాస్టిక్ కవర్లు, జెల్లీ చేపల ముక్కలు, చేప పొలుసులు చేరతాయి. అది రోజూ కడిగే పని. అంతకంటే ఎక్కువగా మోసం చేసేది దాని మూత రబ్బరు. పంపుకు ముందున్న భాగం కాబట్టి అక్కడ సందు ఉంటే నీరు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. ఎక్కడా తడి కనబడదు, పంపు సగం గాలినే నెడుతుంది. గాజు మూత ఉంటే లోపల బుడగలు కనిపిస్తాయి. లేకపోతే ఇంజిన్ నడుస్తుండగా మూత చుట్టూ సబ్బు నురుగు పూయండి, నురుగు లోపలికి లాక్కుపోతే తప్పు అక్కడే. పీల్చే వైపు హోస్ పైపు కూడా ఇలాంటిదే. లోపల తీగచుట్ట లేని మామూలు రబ్బరు పైపు వేస్తే ఆర్‌పీఎం పెరిగేకొద్దీ లోపలికి కుంగి సన్నబడుతుంది. పాత పైపులో లోపలి పొర ఊడి నాలుకలా వేలాడి, పీల్చినప్పుడల్లా దారి మూస్తుంది. బయటికి చూస్తే పైపు కొత్తదానిలా ఉంటుంది. ఇలాంటి పైపే "ఖాళీగా 80, లోడు మీద 95" చూపిస్తుంది. కాబట్టి ఐదేళ్లు దాటిన పీల్చే పైపును అనుమానం లేకపోయినా మార్చండి. తీగచుట్ట ఉన్నదే వేసి, నీటి మట్టానికి కింద ఉన్న ప్రతి జాయింటుకూ రెండేసి 316 స్టెయిన్‌లెస్ క్లిప్పులు బిగించండి.

తర్వాత సముద్రం నీటి పంపు. కవర్ ప్లేటు విప్పి రబ్బరు ఇంపెల్లర్ బయటికి లాగండి. స్క్రూడ్రైవర్లు రెండు పెట్టి మీటి తీస్తే పంపు అంచు గీసుకుపోతుంది, పుల్లర్ వాడండి. రెక్కల మొదట్లో వేలితో వంచి చూస్తే సన్నని పగుళ్లు కనిపిస్తాయి. పగులు కనబడితే మార్చాల్సిందే. ఏ పగులూ లేకపోయినా ఏడాదికి ఒకటి మార్చడం, రెండు స్పేరు ఉంచుకోవడం మేలు. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం తిరిగినా రెక్కలు కాలిపోతాయి. సీకాక్ మూసి ఉందన్నది మరిచి స్టార్టు చేయడమే దీనికి పెద్ద కారణం. సీకాక్ మూసినప్పుడల్లా స్టార్టర్ తాళం చెవిని ఆ పిడికే తగిలించండి.

రెక్క విరిగి ఉంటే ఆ ముక్క ఎక్కడికి పోయిందో దొరికేదాకా పని అయిపోయినట్టు కాదు. గేరు ఆయిల్ కూలర్ ముందుంటే దాని మూతలోనో, లేదంటే పెద్ద కూలర్ మూతలోనో గొట్టాల నోటికి అడ్డంగా పడి ఉంటుంది. కొత్త ఇంపెల్లర్ వేసి పాత ముక్కలు వదిలేసిన ఇంజిన్ వారం తిరక్కుండా మళ్లీ వేడెక్కుతుంది.

పంపు లోపలి కవర్ ప్లేటు మీద గ్రామఫోను రికార్డులాగా గుండ్రటి గీతలు పడి ఉంటే పీల్చే శక్తి తగ్గుతుంది. చాలా ప్లేట్లను తిప్పి వెనక వైపు వాడుకోవచ్చు. రెండు వైపులా అరిగితే గాజు పలక మీద సన్నని ఎమరీ కాగితం పరిచి, నూనె చుక్కలతో చదునుగా రుద్దండి. ప్లేటు కింది ప్యాకింగు మాత్రం కంపెనీ ఇచ్చిన మందందే వేయండి. షీటు నుంచి కత్తిరించి మందంగా వేస్తే రెక్కల పక్కన సందు పెరిగి పంపు నీరు ఎత్తదు. కొత్త ఇంపెల్లర్ వేసేటప్పుడు గ్లిజరిన్ గానీ పాత్రలు తోమే ద్రవ సబ్బు గానీ రాయండి, గ్రీజు రాయకండి. గ్రీజుకు ఆ రబ్బరు ఉబ్బుతుంది. రెక్కలు తిరిగే దిశకు వెనక్కి వంగి ఉండాలి. పంపు అడుగున చిన్న కారే రంధ్రం ఉంటుంది. దాని నుంచి ఉప్పునీటి చుక్కలు పడుతుంటే వాటర్ సీలు పోయినట్టు. కారుతోందని ఆ రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో పూడ్చకండి. పూడిస్తే ఆ నీరు బేరింగులోకి, అక్కడి నుంచి ఇంజిన్ ఆయిల్లోకి పోతుంది.

ఇప్పుడు కూలర్. లోపల సన్నని క్యుప్రో-నికెల్ (రాగి, నికెల్ కలిసిన లోహం) గొట్టాల కట్ట ఉంటుంది. సాధారణంగా గొట్టాల లోపల సముద్రం నీరు, బయట కూలెంటు. ఉప్పునీరు 55, 60 డిగ్రీలు దాటే చోట కాల్షియం లవణాలు గొట్టం గోడకు గట్టిగా పట్టుకుంటాయి. ఆ గార వేడిని ఎంత బాగా అడ్డుకుంటుందంటే, అర మిల్లీమీటరు పొర దాదాపు పది మిల్లీమీటర్ల క్యుప్రో-నికెల్ గోడ కట్టినంత. అసలు గొట్టం మందమే సుమారు ఒక మిల్లీమీటరు. సగం గొట్టాలు మూసుకుపోతే ఇంకో నష్టం ఉంది. మిగతా గొట్టాల్లో నీరు రెట్టింపు వేగంతో పోయి, ప్రవేశించే చోట గొట్టం నోళ్లను కోసేస్తుంది. కొత్త కూలర్‌కు రెండేళ్లలోనే చిల్లులు పడ్డాయంటే లోహం బాగా లేదని అనుకునే ముందు గొట్టాలు ఎన్ని తెరిచి ఉన్నాయో చూడాలి.

విప్పేముందు కూలెంటు వదిలి డబ్బాలో పట్టండి, హార్బర్లో పారబోయకండి. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. మూతలకూ కట్టకూ ఏది ఎటు ఉందో పంచుతో చుక్కలు కొట్టుకోండి. కట్ట తిరగబడితే కొన్ని కూలర్లలో దారి మూసుకుపోతుంది. జింకు పెన్సిళ్లు (కూలర్ లోహానికి బదులు తాము అరిగిపోయే జింకు కడ్డీలు), ఓ-రింగులు అన్నీ తీసేయండి. ముందు వెలుతురుకు పట్టి ప్రతి గొట్టంలోంచి చూడండి. మెత్తని మడ్డి అయితే నీరు పోయే దిశకు ఎదురు నుంచి నైలాన్ బ్రష్షుతో గానీ సరిపడే చెక్క పుల్లతో గానీ తోయండి. ఇనుప కడ్డీ, వెల్డింగు రాడ్డు పెట్టి పొడవకండి, ఆ గీతల దగ్గరే తర్వాత చిల్లు పడుతుంది.

గట్టి గారకు యాసిడ్ తప్పదు. దీనికి నేను చెప్పేది సల్ఫామిక్ యాసిడ్ పొడి. లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 100 గ్రాములు, నీటి వేడి 60 దాటకూడదు. ప్లాస్టిక్ డ్రమ్ములో కట్టను గంట, రెండు గంటలు నానబెట్టండి. బుసబుసమంటూ నురుగు వస్తున్నంతసేపు పని జరుగుతున్నట్టు. నురుగు ఆగి గార ఇంకా కనబడితే ద్రావణం అయిపోయింది, కొత్తది కలపండి. బాత్రూం యాసిడ్ చవక, త్వరగా పని చేస్తుంది, కానీ అది హైడ్రోక్లోరిక్. గాఢత ఎంతో డబ్బా మీద ఉండదు, గారతోపాటు లోహాన్నీ తింటుంది. తప్పనిసరై వాడితే ఒక పాలు యాసిడ్‌కు తొమ్మిది పాళ్లు నీరు, లోహం తినకుండా ఆపే ఇన్‌హిబిటర్ కలిపి, 15, 20 నిమిషాలకు మించకుండా. ఏ యాసిడ్ అయినా నీటిలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీరు పోయకూడదు. ఇంజిన్ గదిలో కాదు, గాలి ఆడే చోట, కళ్లద్దాలు, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని చేయాలి. బ్లీచింగు పౌడరు ఆ దగ్గర్లో ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. అల్యూమినియం మూతలు, అల్యూమినియం ఇంటర్‌కూలర్ ఏ యాసిడ్‌లోనూ ముంచకండి. కట్ట బయటి వైపు ఆయిల్ జిడ్డు ఉంటే ముందు డిటర్జెంటు నీటిలో నానబెట్టి జిడ్డు తీయాలి, జిడ్డు కింది గారకు యాసిడ్ అందదు. చివర్లో లీటరుకు 50 గ్రాముల తినే సోడా కలిపిన నీటిలో ముంచి, తర్వాత మంచినీటితో రెండు మూడు సార్లు కడగండి.

శుభ్రం చేశాక ప్రెషర్ టెస్టు చేయించకుండా బిగించకండి. గార కొన్నిసార్లు చిల్లును మూసి పెట్టి ఉంచుతుంది, అది పోగానే కారడం మొదలవుతుంది. కూలెంటు వైపు ఒకటి, ఒకటిన్నర బార్ గాలి పట్టి, నీళ్లలో ముంచి పది నిమిషాలు చూడండి. బుడగ వచ్చిన గొట్టాన్ని రెండు చివరలా ఏటవాలు ఇత్తడి బిరడాలతో మూయవచ్చు. మొత్తం గొట్టాల్లో పదో వంతు దాకా ఇలా మూసినా నడుస్తుంది. అంతకు మించితే కొత్త కట్ట కొనాల్సిందే, కొత్త కూలర్ ప్రశ్న వచ్చేది అప్పుడే. ఓ-రింగులు పాతవి మళ్లీ వేయకండి.

లోపలి వైపు, అంటే కూలెంటు, కొంచెం తక్కువ పనే. ఊరి బోరు నీరు పోయకండి. తీరం వెంబడి బోర్లలో ఉప్పు, గట్టిదనం రెండూ ఎక్కువ, ఇంజిన్ లోపలే గార కడుతుంది. డిస్టిల్డ్ నీరు, అంటే బ్యాటరీ నీరు, కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంటుతో కలపండి, చాలా ఇంజిన్లకు అది సగం సగం. మన దగ్గర నీరు గడ్డకట్టదు కదా, కూలెంటు ఎందుకని కొందరు అనుకుంటారు. ఇక్కడ దాని పని తుప్పును ఆపడం. వెట్ లైనర్ ఇంజిన్లలో, అంటే లైనరు బయటి వైపు నేరుగా కూలెంటుకు తగిలే వాటిలో, పిస్టను తాకిడికి లైనరు సన్నగా వణుకుతుంది, ఆ వణుకుకు నీటిలో బుడగలు పుట్టి పగిలి లైనరు బయటి వైపు సూదిమొన గుంటలు తవ్వుతాయి. ఆ గుంట అవతలి వైపుకు చిల్లు పడితే నీరు సిలిండరులోకి దిగుతుంది. దీన్ని ఆపేది కూలెంటులోని మందే. రంగులు వేరైన రెండు రకాలు కలపకండి, కొన్ని జతలు జిగురులా గడ్డకడతాయి. మామూలు ఆకుపచ్చ రకం రెండేళ్లకు ఒకసారి మార్చండి. నింపేటప్పుడు పై గాలి స్క్రూ తెరిచి మెల్లగా పోయాలి. మూత తీసి ఇంజిన్ నడిపి, థర్మోస్టాట్ తెరుచుకుని మట్టం పడిపోయాక మళ్లీ నింపాలి. పోసిన కొలత, ఇంజిన్ పుస్తకంలోని కొలత ఒకటే కావాలి. మూడు నాలుగు లీటర్లు తక్కువ పట్టిందంటే ఎక్కడో గాలి నిలిచి ఉంది.

రేడియేటర్ మూతను, అంటే కూలెంటు పోసే చోటి మూతను, చిన్న వస్తువని వదిలేయకండి. 15 పీఎస్ఐ మూత నీరు మరిగే వేడిని 120 దగ్గరికి తీసుకెళ్తుంది. రబ్బరు ఎండి ఆ ఒత్తిడి నిలవకపోతే సిలిండర్ హెడ్ దగ్గర ముందే ఆవిరి పుడుతుంది. ఇంజిన్ నీటి పంపు బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే 10, 12 మిల్లీమీటర్లు దిగాలి.

కారే చోటు కనబడకుండా మట్టం తగ్గుతుంటే, గుర్తులు ఇవి. ఇంజిన్ నడుస్తుండగా కూలెంటు తగ్గి, ఆపి చల్లారాక మట్టం పెరిగి, నీరు రంగు వెలిసిందా? కూలర్ గొట్టానికి చిల్లు. నడిచేటప్పుడు లోపలి ఒత్తిడి కూలెంటును సముద్రంలోకి నెడుతుంది, చల్లారాక సముద్రం లోపలికి వస్తుంది. కూలెంటు మీద ఆయిల్ తేలుతుంటే ఇంజిన్ ఆయిల్ కూలర్ చూడండి. నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీటి ఒత్తిడి కంటే చాలా ఎక్కువ, అందుకే ఆయిల్ నీటిలోకి వస్తుంది. గేరు ఆయిల్ పాలలా తెల్లబడితే గేరు ఆయిల్ కూలర్. చల్లటి ఇంజిన్ స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లోనే హెడర్ ట్యాంకులో (కూలెంటు పోసే పై ట్యాంకు) బుడగలు ఆగకుండా వస్తే హెడ్ గ్యాస్కెట్ నుంచి గ్యాసు వస్తోంది, అప్పుడు కూలర్ ఎంత కడిగినా లాభం లేదు.

నిషేధ కాలంలో చాలా బోట్లు చేసే తప్పు, ఉప్పునీటిని రెండు నెలలు కూలర్లో నిలవ ఉంచడం. కదలని నీటిలో జీవులు చచ్చి కుళ్లి, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది. అది రాగి లోహాలను వేగంగా తింటుంది. వేట కంటే ఈ ఆటవిడుపు కూలర్‌కు ఎక్కువ హాని చేస్తుంది. పీల్చే పైపును మంచినీటి డ్రమ్ములో పెట్టి ఇంజిన్‌ను తక్కువ వేగంతో పది నిమిషాలు నడపండి. డ్రమ్ములోకి నీరు పోస్తూ ఉండాలి. తర్వాత అన్ని డ్రెయిన్లు తెరిచి నీరు పూర్తిగా వదిలేయండి, ఇంపెల్లర్ తీసి పక్కన పెట్టండి. రెండు నెలలు వంగి ఉన్న రెక్కలు అలాగే బిగుసుకుపోతాయి.

వేటలో వేడెక్కితే వెంటనే ఇంజిన్ ఆపేయకండి. లోడు తీసి, ఖాళీ వేగానికి తగ్గించి, బయటికి నీరు పడుతోందో లేదో చూడమని కళాసీకి చెప్పండి. నీరు పడుతుంటే మీటరు దిగేదాకా అలాగే నడవనివ్వండి. పడకపోతే ఆపి స్ట్రెయినర్, ఇంపెల్లర్ చూడండి. కూలెంటు మూత చేయి పెట్టగలిగేంత చల్లబడేదాకా తెరవకూడదు. వేడి ఇంజిన్ మీద, లోపలా, సముద్రం నీరు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది. సముద్రం నీటి పంపు పూర్తిగా పోయి ఒడ్డు దూరంగా ఉంటే, డెక్ కడిగే పంపు హోస్‌ను కూలర్ ప్రవేశానికి క్లిప్పుతో బిగించి తక్కువ ఆర్‌పీఎం మీద రావచ్చు. ఆ హోస్ కొలత కూలర్ మూతికి సరిపోతుందో లేదో ఒడ్డునే చూసి పెట్టుకోండి. ఇంపెల్లర్లు రెండు, పంపు ప్యాకింగులు, బెల్టు, థర్మోస్టాట్, హోస్ ముక్కలు, క్లిప్పులు, ఇరవై లీటర్ల కలిపిన కూలెంటు బోటులో ఉండాలి.

జూన్‌లో నీళ్లలోకి దింపాక జెట్టీకి కట్టి మళ్లీ అదే బకెట్టు, అదే నాలుగు టేపు ముక్కలు, అదే ఆర్‌పీఎం. వచ్చిన అంకెలను తేదీతో సహా ఇంజిన్ గది గోడ మీద పెయింటుతో రాయండి. ఆంధ్ర తీరంలో సముద్రం నీరు చలికాలంలో 25, 26 ఉండి ఎండాకాలంలో 30 దాటుతుంది. కాబట్టి వచ్చిన నీటి వేడి కూడా పక్కనే ఉండాలి, లేకపోతే డిసెంబరు అంకెకూ మే అంకెకూ పోలిక కుదరదు. పది గంటలు నడిచాక హోస్ క్లిప్పులన్నీ మరోసారి బిగించండి, కొత్త రబ్బరు కుదురుకుని వదులవుతుంది.

నెల తర్వాత ఒక జింకు పెన్సిల్ విప్పి చూడండి. పైపైన బూడిద రంగు పొర, గరుకుగా తినేసిన ఉపరితలం ఉంటే అది సరిగా పని చేస్తున్నట్టు, పొర గీకి మళ్లీ వేయండి. సగం అరిగితే మార్చండి. కొత్తదానిలా మెరుస్తూ ఉంటే అది కూలర్ లోహానికి తగలడం లేదు. మరలకు చుట్టిన టేపు ఎక్కువై ఉంటుంది, లేదా ఎవరో పెయింటు పూసి ఉంటారు. నెల తిరక్కుండానే మొత్తం మాయమైతే మరో జింకు వేసి ఊరుకోకండి. బిల్జి పంపు (బోటు అడుగున చేరే నీటిని తోడే పంపు) వైరో, బ్యాటరీ ఎర్తో ఎక్కడో తడిలో నానుతూ కరెంటు లీకవుతోంది. బ్యాటరీ నెగటివ్ తీసి, మధ్యలో మీటరు పెట్టి, అన్ని స్విచ్చులూ ఆపి ఉన్నప్పుడు ఎన్ని మిల్లీయాంపియర్లు పోతున్నాయో చూడండి, తర్వాత ఒక్కో ఫ్యూజు తీస్తూ ఆ వైరును పట్టుకోండి.